మార్కేసా కుడికన్ను

కొండల మీది చలి ఊరు తొలుకాలో పుట్టినవాళ్లు ఏ జబ్బుకైనా ముందు చలినే అనుమానిస్తారు. బస్సు నడపడం మానేసి ఇంటిపట్టున ఉంటున్న దోన్ ఎవోదియో కూడా అంతే. మార్కేసా కన్ను విషయంలోనూ ఆయన చలినే అనుమానించాడు.

మార్కేసా ఆయన పెంచుకుంటున్న బోవా పాము. రెండు మీటర్ల పొడవు, పదకొండేళ్ల వయసు. ఆయన భార్య దోన్యా ఎర్లిందా బజారులో మొక్కజొన్న రొట్టెలు అమ్ముతుంది. ఈ పదకొండేళ్లలో పాము గదిలో ఆమె అడుగు పెట్టలేదు. కోపమేం లేదు, అక్కడ పని పడలేదు.

కిందటి రెండుసార్లూ పాము కుబుసం ముక్కలుగా ఊడింది. కుబుసంతో పాటే ఊడిపోవాల్సిన కంటిపొరలు కుడికంటి మీద రెండు మిగిలిపోయాయి.

"మూడోది కూడా అంటుకుపోతే ఆ కన్ను మీద ఆశ వదులుకోండి," అంది పశువుల డాక్టరమ్మ నయెలి. "గోకి తీయొద్దు. గాలిలో తేమ డెబ్బై శాతం దాకా ఉంటే అదే ఊడి వస్తుంది."

జనవరిలో మార్కేసా కళ్లు పాలరంగుకి తిరిగాయి, మళ్లీ కుబుసం విడిచే వేళయిందన్నమాట. ఆ రోజే ఎవోదియో పాము ఉండే గాజుపెట్టెను చక్రాల బల్ల మీద తోసుకొచ్చి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాడు.

"ఇంట్లో వెచ్చటి చోటు ఇదొక్కటే."

"నలభై ఏళ్లుగా ఆ మాట చెప్పే ఇక్కడ కూర్చుంటున్నావు," అంది ఎర్లిందా, పిండిముద్దను అరచేతుల మధ్య తడుతూ.

పెట్టెలో రెండు ముల్లు మీటర్లున్నాయి. వేడిది ముప్పై రెండు చూపించింది. ఎవోదియో తృప్తిపడ్డాడు. తేమది ముప్పై దాటలేదు. రోజుకి నాలుగుసార్లు నీళ్లు చిమ్మాడు. ముల్లు కాసేపు లేచి మళ్లీ పడిపోయేది. అడుగున పరిచిన కొబ్బరిపొట్టు మాత్రం బురదయింది.

నాలుగో రోజు ఎర్లిందా పాము వైపు చూడకుండానే అడిగింది.

"ఆ రెండో మీటరు ఎందుకయ్యా, అందానికా?"

"నీళ్లు కొడుతూనే ఉన్నాగా."

"కింద నానబెడుతున్నావు, పైన ఎండబెడుతున్నావు. నేను రొట్టెలు ఇలా దాస్తే బజారులో తంతారు."

"అది రొట్టె కాదే, పాము."

"తెలుసు. రొట్టెయితే ఈపాటికి అమ్ముడుపోయేది."

పెట్టెను మళ్లీ గదిలోకి తోయించి, తనూ వెనకే వెళ్లింది. పొడి పొట్టు పోయించింది. పైనున్న వలమూతలో వేడినిచ్చే దీపం ఉన్న మూల వదిలేసి, తేమ పోకుండా మిగతాది కప్పించింది. తర్వాత పెళ్లిళ్లకి రొట్టెలు మోసే మూతబుట్ట తెచ్చి, పక్కన కత్తితో పాము పట్టేంత కన్నం కోసింది. గుడ్డ తడిపి, చుక్క రాలనంతగా పిండేసి బుట్టలో పరిచి, బుట్టను పెట్టెలో పెట్టించింది.

"చెయ్యి పెడితే తడి అంటకూడదు. ఎవరో ఊపిరి వదిలినట్టుండాలి."

సాయంత్రానికి మార్కేసా బుట్టలో చుట్ట చుట్టుకుంది. రోజూ పిండి కలిపే ముందు ఎర్లిందా వెళ్లి గుడ్డ మార్చి వచ్చేది.

తొమ్మిదో రోజు పొద్దున బుట్ట పక్కన కుబుసం పడి ఉంది, విప్పిన మేజోడులా, ఒకే ముక్కగా. ఎవోదియో దాన్ని తీశాడు గానీ తలవైపు చూడలేకపోయాడు.

"నువ్వు చూడవే."

ఆమె చేతులు తుడుచుకుని కిటికీ వెలుగులో పట్టింది.

"ఎడమ కంటిది ఒక పొర. కుడిది మూడు."

"అంటే?"

"అంటే వచ్చేసిందని. ముక్కు తుడుచుకో."

ఆయన తుడుచుకున్నాడు. పెట్టెలోంచి మార్కేసా రెండు కళ్లతో చూస్తోంది.

"బుట్ట కడిగి ఇచ్చేయనా?"

"దాన్ని ఎవరు తీయమన్నారు?" అంది ఎర్లిందా, గుడ్డ అందుకుంటూ. "నువ్వు మాత్రం ఈ గుడ్డ జోలికి రాకు. నీకు పిండడం రాదు."