తువ్వాల కదిలితే మళ్ళీ

మేడం పోయారు. నెల కింద ఒక ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థనకు తయారవుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. నా బిడ్డ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఈ సంగతి నాకు చెప్పింది. లోపల గదిలో మనవరాలు చదువుకుంటోంది. ఆమెకు ఎట్లా చెప్పాలో మా ఇద్దరికీ తోచలేదు. చెప్పినాక పిల్ల ఏడవలేదు. పుస్తకం మూసి, "తాతా, ఇగ నేను ఎవరికి చదివి వినిపియ్యాలె?" అంది.  

మేడం యూనివర్సిటీలో జర్మన్ చెప్పేవారు. మనవరాలు ఆమె దగ్గరే ఎమ్మే చదివి, ఆమె దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. జర్మనీ పల్లెల కథలు తెలుగులోకి తేవాలి, తెచ్చేటప్పుడు ఏం జారిపోతుందో, ఏం మిగులుతుందో రాయాలి. నేను ఊరి బడిలో చదివినవాణ్ణి. ఆ చదువు గురించి నాకు తెలిసింది ఇంతే.

శనివారాలు నిజాంపేట నుంచి బస్సులు మారి ఖాజాగూడలో మేడం ఇంటికి పోయేవాళ్ళం. సంచి మొయ్యడానికి నేను తోడు. మొదట్లో గేటు బయట గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఒకనాడు మేడమే బయటికొచ్చి, లోపలికి రండి బాబాయి గారూ, మీతో పనుంది అన్నారు.

ఆ పని ఏమిటంటే వినడం. పిల్ల తన తెలుగు చదువుతుంది, నేను ఎదురుగా కూర్చుని వినాలి. జర్మన్ పుస్తకం మేడం ఒడిలో ఉండేది కానీ, ఆమె చూపు నా మీదే. నాకు ఒళ్ళు ముడుచుకుపోయేది. నేనెందుకు మేడం అని ఎట్లాగో నోరు తెరిచి అడిగాను.

"నాకు జర్మన్ వచ్చు కదండీ. అమ్మాయి ఏం రాసినా అర్థమైనట్టే ఉంటుంది. మీకు రాదు. అందుకే మీరు కావాలి."

అర్థం కాలేదని చెప్పడానికి నాకు సిగ్గు.  అర్థం కానప్పుడల్లా నా చెయ్యి భుజం మీద తువ్వాల సర్దుతుందట. అది నాకే తెలియదు, మేడం పట్టుకున్నారు. "తువ్వాల కదిలిందమ్మాయ్. మళ్ళీ" అనేవారు. పిల్ల ఆ వాక్యం కొట్టేసి ఇంకోలా రాసేది. సంగతి తెలిశాక నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను. "చేతులు దాచుకుంటే నా ఉద్యోగం పోతుందండి బాబాయి గారూ" అని మేడం నవ్వితే, పిల్ల కూడా నన్ను చూసి పడి పడి నవ్వింది.

మేడం ఇంటి కిటికీలోంచి చెరువు, బండరాళ్ళు, వాటి వెనక అద్దాల మేడలు కనబడేవి. ఎక్కడో ఒక చోట బండలు కొడుతూనే ఉండేవారు. ఆ చప్పుడుకు మేడం విసుక్కునేవారు కాదు. చదువుతున్న వరుస మీద వేలు పెట్టి, చప్పుడు ఆగేదాకా కదలకుండా ఉండేవారు. ఆగినాక మళ్ళీ అదే వరుస. చక్కెర లేని నల్ల చాయ్ పక్కన చల్లారిపోయేది.

మేడంను సమాధి చేసిన రోజు అక్కడికి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. మెడలో ఆఫీసు కార్డులతోనే వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎమ్మే కాగానే కంపెనీలకు పోయినవాళ్ళు. మేడం వాళ్ళను ఏనాడూ తప్పు పట్టలేదు. అన్నం కావాలి కదండీ అనేవారు. ఒక్కసారి మాత్రం, పిల్ల నీళ్ళు తేవడానికి లోపలికి పోయినప్పుడు, నాతో అన్నారు: "ఒక్కరైనా నాతో చివరి పేజీ దాకా రావాలని ఉందండి. ఈ పిల్ల వస్తుంది."

చివరి కథలో చివరి పేజీ మిగిలింది. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే, ఈ పని చూసే మనిషి ఇప్పుడు లేరు, విషయం మార్చుకుంటే చూద్దాం అన్నారట. ఇన్నేళ్ళు చేసింది ఎట్లా మార్చుకుంటుంది? హైటెక్ సిటీలో ఒక కంపెనీ, జర్మనీ నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే పనికి సోమవారం నుంచి రమ్మంది. పిల్ల వస్తానని చెప్పేసింది.  డ్యూటీలు చేసి చేసి నా బిడ్డ కూడా అలిసిపోయింది.

నిన్న శనివారం. సాయంత్రం పిల్ల ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. పోవద్దని చెప్పడానికి నాకు మాటలు రావు, చెప్పే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. తువ్వాల భుజాన వేసుకుని, కుర్చీ జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు నా వైపు చూడలేదు. తర్వాత ఇస్త్రీపెట్టె ఆపి, కాగితాలు తెచ్చి చదివింది.

జర్మనీలో ఒక ముసలామె. మంచు పడుతుంటే ఖాళీ పశువుల కొట్టం తలుపు వేస్తోంది. అంతవరకు కనబడింది. ఆ తర్వాత వాక్యం నాకు అందలేదు. చెయ్యి తువ్వాల మీదికి పోయింది.

పిల్ల చూసింది. చదవడం ఆపి, అలవాటుగా మేడం కూర్చునే పక్కకు తిరిగింది. అక్కడ మా గోడ ఉంది.

ఎవరో ఒకరు అనాలి కదా. "మళ్ళీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మేడంలాగా ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియదు.

పిల్ల ఆ వరుస మీద వేలు పెట్టింది. వెనక బల్ల మీద చొక్కా సగం ఇస్త్రీతో ఉంది. ఆమె వేలు తియ్యలేదు, చదవనూ లేదు. నేను తువ్వాల వదిలేసి, చేతులు ఆమెకు కనబడేట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను.