ఇల్మో దాచిన తొమ్మిది కిలోమీటర్లు

ఇల్మో కెరానెన్ కారులో వెనక పడుకున్నవాళ్ళకి చలి వెయ్యదు. ఆ ధైర్యంతోనే అతను మూడేళ్ళుగా హీటరు పెట్టలేదు. పక్క సీట్లో కూర్చునేవాణ్ణి నేను. నాకు వేస్తుంది. ఈ సంగతి అతనికి చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా శ్రద్ధగా విని, అవును, చలిగానే ఉందని ఒప్పుకుంటాడు.

ఇల్మోది శవవాహనం. ఉత్తరాన కైనూ అనే ఈ చలిప్రాంతంలో మా చుట్టుపక్కల మూడు ఊళ్ళకీ అదొక్కటే. అతను తోలుతాడు, నేను పెట్టెకి రెండో వైపు పట్టుకుంటాను. పదిహేడేళ్ళుగా ఇదే పని. అంతకుముందున్న బండి డీజిలుది. చలికాలంలో దాన్ని ఆపితే మళ్ళీ కదలదు, అందుకని గుంత దగ్గర కూడా ఆపేవాడు కాదు. పాస్టరుగారి మాటలు సగం ఆ మోతలోనే కలిసిపోయేవి. ఒకసారి ఒక తల్లి, కొడుకుని మట్టిలో పెడుతుంటే వెనక్కి తిరిగి, కాసేపు దాన్ని ఆపలేవా అని అడిగింది. ఇల్మో ఆపలేకపోయాడు. ఆ ఏడే తన వాటా అడవిలో చెట్లు కొట్టించి అమ్మి, ఈ కొత్త బండి తెచ్చాడు. దీన్ని గోడకి తగిలించి ఛార్జి పెడితే కొంతదూరం చప్పుడు లేకుండా కరెంటు మీద నడుస్తుంది, అదయ్యాక పెట్రోలు మీద.

వేసవిలో ఆ కొంతదూరం యాభై కిలోమీటర్లు. ఫిబ్రవరిలో అదే బ్యాటరీ ఇరవై అంటుంది. హీటరు పెడితే పది. అదైనా నిజంగా పది కాదు, ఎందుకంటే చలి బాగా ముదిరాక హీటరు మీట ముట్టుకుంటే చాలు, బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజను తనంతట తానే లేచి గురగురమంటుంది. అందుకని మా బండిలో ఆ మీట జోలికి ఎవరూ పోరు.

దీనికి ఇల్మో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున్నే ప్లగ్గులో ఉండగానే బ్యాటరీని వెచ్చబెడతాడు. పెద్ద రోడ్డెక్కగానే ఛార్జి దాచే బొత్తాం నొక్కి, పెట్రోలు మీద పోతాడు. మా ఊరి అడ్డరోడ్డు నుంచి గుడి దాకా ఉన్న తొమ్మిది కిలోమీటర్లకి ఆ దాచిన ఛార్జి బయటికి తీస్తాడు. పెద్ద రోడ్డు మీద ఇంజను వేడి ఎలాగూ ఊరికే వస్తుంది కదా, అప్పుడైనా హీటరు పెట్టమని అడిగాను. ఒంటికి అలవాటైతే చివర్లో కష్టమన్నాడు. నోటి ఆవిరికి అద్దం మసకబారుతుందని మాటలు కూడా వద్దన్నాడు. అసలే ఇద్దరం పెద్దగా మాట్లాడేవాళ్ళం కాదు, కాబట్టి దాంతో ఇబ్బంది రాలేదు. బ్యాటరీకి దక్కిన వెచ్చదనం నాకు దక్కలేదన్నదొక్కటే నా బాధ.

ఆ ఫిబ్రవరిలో విల్యో హువోతరి పట్నం ఆసుపత్రిలో పోయాడు. నలభై ఏళ్ళు పాల లారీ తోలిన మనిషి. భార్య హిల్కమ్మకి ఎనభై నాలుగు. జనవరిలో తుంటి విరిగింది, చూపు అంతకుముందే బాగా తగ్గింది. ఆ చలిలో గుడికి రాలేదు. ఏర్పాట్లు మాట్లాడటానికి వెళ్తే వంటింట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక్కటే అడిగింది.

"గుడికి తీసుకెళ్ళే ముందు ఒకసారి మా ఇంటి ముందు నుంచి తీసుకురా నాయనా. ఇక్కడే కూర్చునుంటా. కాఫీ పెట్టి, చెయ్యి ఊపి పంపిస్తా."

ఇల్మోకి ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది. చీమ నడిచినంత చప్పుడైనా లేకుండా తెస్తానని మాటిచ్చాడు. అదంతా నీ ఇష్టం అందావిడ. ఇన్నేళ్ళూ పోస్టు డబ్బాల మలుపు దగ్గర లారీ వినపడగానే కాఫీ పొయ్యి మీద పెట్టేదట. ఆయన బూట్లు విప్పి లోపలికొచ్చేసరికి కాఫీ పొంగేదట. మలుపు తిరిగితే నాకు తెలిసిపోతుందిలే అని కూడా అంది. మేమిద్దరం తలలూపాం. ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి.

ఆ రోజు సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. తెల్లవారుజామున కొత్త మంచు పడింది. ఆసుపత్రి నుంచి డెబ్బై కిలోమీటర్లు పెట్రోలు మీద వచ్చి, అడ్డరోడ్డు దగ్గర ఇల్మో దాచిన ఛార్జి తీశాడు. ఇంజను ఆగిపోయింది. టైర్ల కింద మంచు నలిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత బాగా ఎప్పుడూ కుదరలేదని అతని మొహమే చెప్పింది. నా కాలివేళ్ళు నాకు తెలియడం అప్పటికే మానేశాయి.

ఇంటి ముందు ఆపి, దిగి, టోపీలు తీసి నిలబడ్డాం. కిటికీలో హిల్కమ్మ మా వైపే మొహం పెట్టి కూర్చునుంది. చెయ్యి ఊపలేదు. దుఃఖం మనిషిని బిగదీస్తుంది, పోనీలే అనుకున్నాం. రెండు నిమిషాలాగి వచ్చేశాం.

గుడి దగ్గర పెట్టె దించగానే ఇల్మో ఫోను మోగింది. హిల్కమ్మని చూసుకోవడానికి ఇంటికొచ్చే నర్సు, సిర్కా. ఇల్మో ఫోను చెవికి దూరంగా పట్టుకుంటాడు, కాబట్టి నాకూ వినపడింది.

"వాకిట్లో చక్రాల గుర్తులున్నాయి. మీరు వచ్చి వెళ్ళారా?"

వచ్చామన్నాడు ఇల్మో.

"ఆవిడకి తెలీదు. పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరే కూర్చునుంది. ఇంకా మలుపు తిరగలేదేమిటే అని అడుగుతోంది. పొయ్యి వెలిగించనివ్వట్లేదు."

ఇల్మో ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెట్టె వంక చూశాడు. అతని మొహం చూస్తే నాకు జాలేసింది. ఒక తల్లికి ఇవ్వలేని నిశ్శబ్దాన్ని ఈ మూడేళ్ళూ చలిలో గడ్డకట్టి దాచిపెట్టాడు. తీరా దాన్ని పట్టుకెళ్ళి, అది అవసరం లేని మనిషికి ఇచ్చాడు.

"ఆవిడ చెప్పింది," అన్నాడు.

"చెప్పింది. మనమే వినలేదు."

లోపల ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఇల్మో పాస్టరుగారి దగ్గరికెళ్ళి, విల్యో ఇంకా ఇంటికి వెళ్ళి రాలేదని చెప్పాడు. పాస్టరుగారు గడియారం వంక చూసి, సరే, వెళ్ళి రమ్మనండి అన్నారు. మళ్ళీ వస్తున్నామని సిర్కాకి ఫోను చేసి, పెట్టె తిరిగి ఎక్కించాం.

పోస్టు డబ్బాల మలుపు ఇంకా రెండొందల గజాలుందనగా ఇల్మో చెయ్యి చాపి హీటరు మీట చివరికంటా తిప్పాడు. ఇంజను దగ్గి, లేచింది. చల్లబడిపోయి ఉంది కదా, మామూలుకన్నా గట్టిగానే అరిచింది. అది చాల్లేదేమో, పాత లారీవాడిలాగ గేరు దించి, నాలుగు అద్దాలూ దించేశాడు. వేడంతా అడవిలోకి పోయింది. నేను కాలరు పైకి లాక్కున్నాను.

సిర్కా మా పాత గుర్తుల్ని చీపురుతో ఊడ్చేసింది. హిల్కమ్మకి అవి ఎలాగూ కనపడవు, అయినా ఊడ్చింది. వంటింటి చిన్న కిటికీ రెక్క కూడా తెరిచి ఉంచింది. మేం మలుపు తిరుగుతుండగానే లోపల హిల్కమ్మ తల ఎత్తిందట. బల్ల పట్టుకుని లేచింది. సిర్కా సాయానికొస్తే మోచేత్తో తోసేసి, తనే వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఇంజను ఆపకుండా దిగి, టోపీలు తీసి నిలబడ్డాం. ఎంతసేపు నిలబడాలో ఈసారి తెలుసు. బూట్లు విప్పి లోపలికి వచ్చేంతసేపు. కాఫీ పొంగాక ఆవిడ ఒక కప్పులో పోసి, బల్లకి అవతలి వైపున పెట్టింది. కుర్చీ సరిచేసింది. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి, చప్పుడు వస్తున్న వైపు తిరిగి చెయ్యి ఊపింది. నాకు ఏడుపొచ్చింది. ఆ చలిలో కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకడతాయి కాబట్టి దాచడానికి వీల్లేకపోయింది. ఇల్మో పరిస్థితీ అదే.

బండెక్కి అద్దాలు ఎత్తుకున్నాం. కాసేపటికి నా వేళ్ళు నాకు తెలిశాయి. ఇల్మో మీట వంక చూశాడు, తగ్గించలేదు.

"వెచ్చగా ఉందా?"

"ఉంది."

గుడిలో ప్రార్థన అయ్యేసరికి బ్యాటరీలో ఇంకా నాలుగు కిలోమీటర్లు మిగిలాయి. స్మశానానికి సరిగ్గా సరిపోతుంది. అయినా హీటరు తియ్యలేదు, ఇంజను మోతతోనే వెళ్ళాం. అక్కడ గుంత పక్కన బండి ఆపి, ఇల్మో తాళం చెవి దాకా చెయ్యి పోనిచ్చి, వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ. ఆయనకి అలవాటు."

పాస్టరుగారు ఆ రోజు కొంచెం గట్టిగా చదివారు.