లంక వంకాయలు

తవిటమ్మ బజారులో గంప దించగానే వంకాయల్ని తడిగుడ్డతో తుడుస్తుంది. ఆమదాలవలసలో కొనితెచ్చిన వడలిన కాయలవి. ఒకప్పుడు నాగావళి నడుమ లంకలో ఆమె పండించిన వంకాయలకు ఊరంతా ఎగబడేది. అరవైయారులో పార్కు కమిటీ పెద్దలొచ్చి, పిందెమీదున్న మొక్కలన్నీ పీకించి, శంకుస్థాపన రాయి పాతి, మెడలో దండలతో ఫొటోలు దిగి వెళ్లారు. మూడేళ్లయినా పార్కు రాలేదు. ఆ మాటే ఎవరూ ఎత్తరు. పార్కు స్థలమని ఆమెను మాత్రం మళ్లీ మొక్క నాటనివ్వరు. ఆ రాయి చాటుకి జనం చెంబులతో వెళ్తారు, వాళ్ల వెనకే పందులు వెళ్తాయి. గాలి తిరిగి ఆ కంపు బజారులోకి కొట్టినప్పుడల్లా తవిటమ్మ "పార్కంట, పార్కు!" అని ఉమ్ముతుంది.

బోణీ బేరాన్ని ఆమె ఎన్నడూ కాదనలేదు. నష్టానికైనా ఇచ్చి, ఆ డబ్బులు కళ్లకద్దుకునేది. మొన్న పొద్దున్నే తొలిబేరానికి కమిటీ ప్రెసిడెంటు నరసింగరావే వచ్చాడు. రెండు కాయలు నొక్కి చూసి పెదవి విరిచాడు.

"ఇయ్యేటే తవిటీ? ఆ లంక వంకాయలు తేవడం మానేసేవేటి?"

తవిటమ్మ అతని చేతిలోని కాయలు లాక్కుని గంపమీద గుడ్డ కప్పేసింది.

"నాకు బోణీ నేకపోయినా ఫర్వానేదు బాబూ. లంకలో యిప్పుడూ రోజూ పంటే. నీ రాయి సుట్టూ పడున్నాది. ఎల్లి సంచీ నిండా ఎత్తుకో."