మూడు నిమిషాల మస్కట్

నా గొంతు పెద్దది. దాని వల్ల ఇంట్లో తిట్లు తిన్నాను, బజారులో పేరు తెచ్చుకున్నాను. వరంగల్ చౌరస్తా దగ్గర మాది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. డెబ్బైల చివర్లో, దరఖాస్తు పెట్టిన సంగతి మేమే మరిచిపోయాక, మా నాన్న పేరు మీద ఫోన్ వచ్చింది. నల్లటిది, బరువైనది. మా నాన్న దానికి బొట్టు పెట్టి, రోజూ గల్లాపెట్టెతో పాటు దానికీ అగరుబత్తి చూపించేవాడు. నేను నవ్వేవాణ్ణి గానీ, ఆయన పోయాక నేనూ అదే చేశాను.

ఎనభైల్లో మా చుట్టుపక్కల నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం ఎక్కువైంది. మస్కట్ పోయినా, కువైట్ పోయినా మావాళ్లకు అది దుబాయే. పోయేవాడు బొంబాయి బస్సెక్కే ముందు మా దుకాణానికి వచ్చి నంబరు రాసుకుపోయేవాడు. నంబరు పక్కన పీపీ అని రాసిచ్చేవాణ్ణి. అంటే ఫోన్ మాది, మాట్లాడే మనిషి వేరే అని. ఫలానా శుక్రవారం మధ్యాహ్నం చేస్తానని అక్కడివాడు ముందే ఉత్తరం రాసేవాడు. వాళ్లకు శుక్రవారం సెలవు. అందుకని శుక్రవారం మా దుకాణంలో బిందెలు కొనేవాళ్ల కంటే బెంచీ మీద ఎదురుచూసే ఆడవాళ్లే ఎక్కువ.

లైన్ ఎట్లా ఉండేదంటే, సగం హోరు, సగం మాట. అన్న మాటే తిరిగి మన చెవిలో పడేది. ఫోన్ అలవాటు లేని ఆడవాళ్లు రిసీవర్ పట్టుకుని ఏడ్చేవాళ్లు, లేకపోతే మస్కట్‌లో కనబడుతున్నట్టు తల ఊపేవాళ్లు. అవతలివాడు టెలిఫోన్ ఆఫీసులో వరసలో నిలబడి కొన్నది మూడు నిమిషాలు. అది కాస్తా ఊపుడులోనే అయిపోయేది. చూసి చూసి నాకు ఒళ్లు మండి, ఒకసారి రిసీవర్ లాక్కుని నేనే అరిచి చెప్పాను. అది వినబడింది. అప్పటి నుంచి అదే పద్ధతి అయింది. వాళ్లు పక్కన నిలబడి మెల్లగా చెప్పేవాళ్లు, నేను మస్కట్‌కు వినబడేట్టు కేకవేసేవాణ్ణి, అవతలి మాట విని మళ్లీ వీళ్లకు చెప్పేవాణ్ణి. మొగుడూ పెళ్లాల మాటలు చౌరస్తా అంతా వినేది. అది తప్పని నాకు గానీ, వాళ్లకు గానీ ఎప్పుడూ తోచలేదు.

నాకో వరస ఉండేది. ఫోన్ రాగానే ముందు అందరూ బాగున్నారని చెప్పాలి. ఇంటి నుంచి మాట అంటేనే అక్కడివాళ్ల గుండె దడదడలాడేది, ఎవరు పోయారోనని. అందుకని అమ్మ బాగుంది, నాన్న బాగున్నాడు, పిల్లలు బాగున్నారు, వానలు పడ్డాయి, అన్నీ అయ్యాకే అసలు సంగతి. సేటు చెప్తే మనసుకు నిమ్మళమైతది అని బెంచీ మీద వాళ్లు అంటుంటే నేను ఇంకా రెండు ముక్కలు ఎక్కువ చెప్పేవాణ్ణి.

కాశిబుగ్గ నుంచి ఒకామె వచ్చేది. జంపఖానాలు నేసే ఇల్లు. మొగుడు మగ్గం వదిలి మస్కట్‌లో బిల్డింగుల పనికి పోయాడు. పోయేటప్పటికి ఆమె కడుపుతో ఉంది. ఆడపిల్ల పుట్టింది, రెండో ఏడు నడుస్తోంది. ఆ శుక్రవారం ఆమె బెంచీ మీద కూర్చోలేదు. సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, సోమారం నాడు కంపెనోళ్లు సంతకం పెట్టుమంటాండ్రట. పెడితె ఇంక రెండేండ్లు రానియ్యరు. పెట్టకు, వచ్చెయ్ అని నేనన్ననని చెప్పు. మగ్గం ఉన్నది, ఇద్దరం నేసుకుంటే బతుకుతం. పిల్ల బాపు మొకం ఎరుగది."

"గింతేనా? చెప్త తియ్యి. జర కూసో," అన్నాను.

ఫోన్ వచ్చింది. నేను నా వరస మొదలుపెట్టాను. "హలో తమ్మీ! అందరు మంచిగున్నరు! నీ పెండ్లాం ఈడనే ఉన్నది! పిల్ల మంచిగున్నది! అమ్మకు దగ్గు తక్కువైంది!" బెంచీ మీద నుంచి ఒక ముసలమ్మ, మావోడు గూడ ఆడనే ఉంటడు, ఎట్లున్నడో అడుగు సేటూ అంది. అడిగాను. వాడు చెప్పాడు, నేను ముసలమ్మకు చెప్పాను. ఎండలు ఎట్లున్నాయని కూడా అడిగాను. ఆ మాట ఎందుకు అడిగానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. కాశిబుగ్గ ఆమె నా మోచేతి దగ్గర నిలబడి, "అన్నా, గా మాట," అంది.

"తమ్మీ, ఇగో, అసలు సంగతేందంటె," అన్నాను. టక్కుమని లైన్ తెగిపోయింది.

అది నాకొక్కడికే తెలుసు. చెవిలో హోరు ఆగిపోయింది. ఎదురుగా పదిమంది నా నోటి వంక చూస్తున్నారు. ఆమె చూస్తోంది. నేను రిసీవర్ దించలేదు. చచ్చిన ఫోన్‌లోకి, అంతకు ముందు కంటే గట్టిగా అరిచాను. "సంతకం పెట్టకు! నీ పెండ్లాం వచ్చెయ్ అంటాంది! మగ్గం ఉన్నది, ఇద్దరు నేసుకుంటరట! పిల్ల నీ మొకం ఎరుగది!" కాసేపు వింటున్నట్టు ఆగాను. తల కూడా ఊపాను. "సరె, సరె," అని పెట్టేశాను.

"ఏమన్నడన్నా?"

"చూస్త అన్నడు."

ఆమె ముఖం వెలిగింది. నాకు దండం పెట్టి పోయింది.

ఎందుకట్లా చేశావని ఎవరైనా అడిగితే, పరువు అని చెప్తాను. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు. సేటు కబుర్లు చెప్పి అసలు మాట మింగేశాడని బజారు అనుకోకూడదు, అంతే. మర్నాడు పొద్దున టెలిగ్రాం కొడదామని లేచాను. కంపెనీ అడ్రసు నా దగ్గరే ఉంది. నాలుగు ముక్కలు రాస్తే సోమవారం లోపల అందేది. కానీ టెలిగ్రాం ఇస్తే, నిన్న ఫోన్‌లో చెప్పలేదా అన్న ప్రశ్న వస్తుంది. పెళ్లిళ్ల కాలం, అప్పుడే బిందెల బేరానికి ఎవరో వచ్చారు. ఆ వంక పెట్టుకుని ఆగిపోయాను.

నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది, సంతకం పెట్టానని. చెప్పినా వినలేదని ఆమె అనుకుంది. వచ్చెయ్యమని ఒక్క మాటా అనలేదని అక్కడ అతను అనుకుని ఉంటాడు. ఆమెకు చదువు రాదు. ఇంటిపక్క వాళ్లతో ఉత్తరం రాయిస్తుంది. నేను రమ్మంటే ఎందుకు రాలేదు అన్న మాట ఇంకొకరి చేత ఎట్లా రాయిస్తుంది? ఆ తర్వాత అతని ఫోన్లు ఐదారు వచ్చాయి. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, "మంచిగున్నమని చెప్పు, సాలు," అనేది. ప్రతిసారీ ఈరోజు చెప్పేద్దామనుకునేవాణ్ణి. పాత మాట ఎందుకు తవ్వడమని ఊరుకునేవాణ్ణి.

ఎనభైల చివరికొచ్చేసరికి స్టేషన్ రోడ్డులో ఎస్టీడీ, ఐఎస్డీ బూత్ వెలిసింది. ఆరు నెలల్లో దానికి ఎదురుగా ఇంకొకటి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒకడు ఫ్యాన్ పెడితే రెండోవాడు కుర్చీలు వేశాడు. ఒకడు 'గల్ఫ్‌కు క్లియర్ లైన్' అని బోర్డు రాయిస్తే, రెండోవాడు ఫోన్ చేసినవాళ్లకు చాయ్ పోయించాడు. శుక్రవారం నా బెంచీ ఖాళీ అయింది. నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ఇన్నేళ్లు పైసా తీసుకోకుండా గొంతు చించుకుంటే, చాయ్ చుక్కకు ముఖం చాటేస్తారా అని ఇంట్లో గిన్నెలు విసిరేశాను. ఇప్పుడు విదేశాల్లో ఉండేవాళ్ల కోసం కంపెనీలు కొట్టుకుంటుంటే, ఫోన్ తెరవగానే ఆఫర్ల మెసేజీలు వస్తుంటే, నాకు ఆ రెండు బూత్‌లే గుర్తొస్తాయి. పోటీ అంటే గిరాకీ లాక్కోవడమే అనుకునేవాణ్ణి అప్పుడు. మనిషికి అది ఏం ఇస్తుందో నేను ఆలోచించలేదు.

ఒక శుక్రవారం కడుపుమంట ఆగక, చూసొద్దామని పోయాను. కాశిబుగ్గ ఆమె అద్దాల గదిలో ఉంది. మళ్లీ సంతకాల వేళ వచ్చిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. మస్కట్‌లో వాళ్ల క్యాంపు పక్కన మలయాళీ కిరాణా కొట్టు ఉందట. అక్కడివాళ్లకు ఆ కొట్టాయన ఫోనే పీపీ. అంటే నాలాంటివాడే. ఆమె రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుని మాట్లాడుతోంది. ఏడుస్తోంది. తిడుతోంది. ఒకసారి నుదురు కొట్టుకుంది. తలుపు మూసి ఉంది, ఒక్క ముక్క బయటికి రాలేదు. ఇన్నేళ్లు ఆమె మాటలన్నీ నా నోటితో చెప్పినవాణ్ణి, బయట చెవిటివాడిలా నిలబడ్డాను. అప్పుడు నాకు సిగ్గేసింది. వెళ్లిపోదామనుకునేలోపే ఆమె తలుపు తీసుకుని వచ్చి నన్ను చూసింది.

"వస్తాండన్నా," అంది. కళ్లు తుడుచుకుంది. ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆయనకు గా మాటే ముట్టలేదంట. ఆ దినం నువ్వు ఉత్త ఫోన్ల మాట్లాడినవా?"

తల ఊపాను.

ఆమె బూత్ వాడికి పైసలు లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత, "ఆయనకు చెప్పలే. లైన్ కట్టయింది, సేటుకు గూడ ఎరుక లేదు అని చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు. బజార్ల నీ పరువు పోతది," అంది.

రెండు నెలలకు అతను వచ్చాడు. పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు లేకుంటె మా ఆడోళ్ల మాట మాకు ముట్టకపోవు. గా దినం లైన్ తెగిపాయె, పాడుగాను," అన్నాడు.

"అవు తమ్మీ, లైన్ మంచిగ లేకుండె," అన్నాను.

అతను బిడ్డ వైపు తిరిగి రమ్మని చేతులు చాపాడు. నాలుగో ఏడు నడుస్తున్న పిల్ల, తల్లి కొంగు వెనక్కి పోయి ముఖం దాచుకుంది. అతను అట్లాగే చేతులు చాపుకుని కాసేపు నిలబడి, నవ్వడానికి చూశాడు.

"కొత్త గదా, అలవాటైతది," అంది ఆమె. ఆ మాట అనేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చూసినా నేను తలెత్తగలిగేవాణ్ణి కాదు.