నా దొంగ ఉపవాసాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీకు నా వందనాలు. ఈ సాక్ష్యం నేను నాలుగేళ్ళ క్రితమే రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఎవరిచేతైనా రాయిద్దామంటే, చెప్పవలసింది ఆడవాళ్ళ నొప్పి గురించి, దానితోపాటు నేనాడిన ఒక అబద్ధం గురించి. ఆ రెండూ మరొకరి నోట వినలేననిపించింది.

నేను భీమవరం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తాను. ప్రతి నెలా ముట్టు సమయంలో నాలుగైదు రోజులు పొత్తికడుపును తడిగుడ్డ పిండినట్టు పిండేసేది, ఆ నొప్పి నడుములోకి, తొడల్లోకి దిగేది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. ఒకరోజు తోటి ఆడవాళ్ళు, "ఏంటక్కా, క్యారేజీ విప్పలేదేంటి?" అన్నారు. నొప్పని చెప్పడానికి సిగ్గేసి, "ఉపవాసం" అన్నాను. ఆ మాట షెడ్డు నుంచి మా చర్చి సంఘమంతా పాకి, నేను గొప్ప ప్రార్థనాపరురాలినని పేరొచ్చింది. పిల్లల పరీక్షలకు, జ్వరాలకు నాచేత ప్రార్థన చేయించుకునేవారు. నేను కాదనలేదు. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. మంచం మీద ముడుచుకుని, "ప్రభువా, నీ పేరు చెప్పి అబద్ధమాడుతున్నందుకేనా ఈ శిక్ష?" అని ఏడ్చేదాన్ని. నొప్పి ముందొచ్చిందనీ, అబద్ధం తర్వాత వచ్చిందనీ నాకు తోచేదే కాదు.

ఒక శుక్రవారం స్త్రీల కూడికలో కళ్ళు తిరిగి పడిపోయాను. పాస్టరమ్మ గారు నన్ను లేపి, "ఉపవాసమైతే మాత్రం మజ్జిగైనా తాగకూడదా?" అన్నారు.

"ఉపవాసం కాదండి. నొప్పండి. ఎనిమిదేళ్ళుగా నొప్పేనండి."

ఆవిడ మజ్జిగ తెప్పించి నాచేత తాగించారు. "నిన్ను చూపించి మిగతా వాళ్ళందరినీ తిట్టాను కదే తల్లీ" అని నా చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళారు.

స్కానింగు చేసి, తర్వాత కడుపు మీద చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూసి, దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారని చెప్పారు. "గర్భసంచి లోపలి పొరలాంటిదే మీకు సంచి బయట కూడా అంటుకుని పెరిగిందమ్మా. నెలనెలా అక్కడ కూడా రక్తం ఊరుతుంది. ఒంట్లో కాపలా కాసే కణాలకు కబురు వెళ్తుంది. అవి బాగు చేద్దామని వచ్చి, ఇంకొన్నిటికి కబురు పెడతాయి. ఆ కబుర్లు ఆగవు. దాంతో వాపు, మంట. ఆ మంట వల్ల ఆ పొర ఇంకా పెరుగుతుంది, సన్నటి నరాలు కూడా అక్కడికి పాకుతాయి. అందుకే అంత నొప్పి."

"చెరువు గట్టుకు గండి పడితే ఊరంతా సాయానికొచ్చి, ఉన్న గట్టు కూడా తొక్కేసినట్టాండి?"

డాక్టరమ్మ నవ్వారు. "అంతేనమ్మా. ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు."

ఆ చివరి మాట దేవుడే ఆవిడ నోట పెట్టాడని నమ్ముతున్నాను. అంటుకున్న పొరను తీసేశారు, మాత్రలిచ్చారు, మళ్ళీ రావచ్చు గనుక నొప్పి వచ్చిన రోజులు రాసుకోమన్నారు. నాకు రాయడం రాదని విని పాస్టరమ్మ గారు, ఆదివారం ఆరాధన అయ్యాక వాక్యాల క్యాలెండరు ముందు కూర్చోబెట్టి, నలభై మూడేళ్ళ వయసులో నాచేత అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు ఆ క్యాలెండరులో నొప్పి రాసుకునే గడులు నెలల తరబడి ఖాళీగా ఉంటున్నాయి. దేవునికే మహిమ.

కానీ పోయిన నెల ఒక సాయంత్రం, ఇంటర్ చదివే మా అమ్మాయి కెజియా కంచం పక్కకు నెట్టి, "నాకొద్దమ్మా, ఈరోజు ఉపవాసం" అంది. పిడికిలి పొత్తికడుపులోకి నొక్కుకుని ఉంది.

"ఎన్నాళ్ళనుంచే ఈ ఉపవాసాలు?"

"ఏడాది నుంచి. నువ్వు కూడా అలాగే అనేదానివిగా."

సహోదరులారా, ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలని మా అమ్మ నాతో అన్న మాటే నా నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగి, కెజియా పక్కన మోకరించి, "ప్రభువా, నన్ను విడిపించావు, నా అబద్ధాన్ని నా బిడ్డకు మిగల్చకు" అని వేడుకుని, నేను దాచిందంతా దానికి చెప్పాను. దాన్ని అడిగే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో ఏ బిడ్డయినా నెలనెలా అన్నం మానేస్తుంటే పక్కన కూర్చుని అడగండి, ప్రార్థన చేయండి, డాక్టరుకు చూపించండి. సిగ్గుపడేవాళ్ళను ప్రభువు తోసివేయడు, నన్ను తోసివేయలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే కెజియాకు ఇడ్లీ పెట్టి, అది రెండు తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. తొలి బస్సుకు భీమవరం వెళ్ళాం. ఆసుపత్రిలో చీటీ ఇచ్చి నింపమన్నారు. కెజియా చెయ్యి చాపితే ఇవ్వలేదు. దాని పేరు నేనే రాసి, బాధ ఏమిటన్న చోట, నెమ్మదిగా, "నొప్పి. ఏడాది నుంచి" అని రాశాను.