నోస్కె కడియం

మరే నోస్కెకు మనుషుల పేర్లు గుర్తుండవు. సొంత బావమరిదిని కూడా “ఆ రిపబ్లిక్ లారీ వాడు” అంటాడు. ఆ బావమరిది తాత ఎప్పుడో 1919లో రిపబ్లిక్ కంపెనీ లారీ కొన్నాడు కాబట్టి. ఆ లారీ పోయింది, తాతా పోయాడు, పేరు మాత్రం బావమరిదికి అంటుకుంది.

మా ఊరు బెరింగా చుట్టుపక్కల గోధుమ పొలాల్లో పాత లారీలు చచ్చాక పూర్తిగా పోవు. ఇంజను రంపం తిప్పడానికి పోతుంది, చక్రాలు గొర్రెల బండికి పోతాయి, చట్రం నీళ్ళ ట్యాంకు కింద పడుకుంటుంది, డ్రైవరు గదిలో కోళ్ళు గుడ్లు పెడతాయి. అలాంటి ముక్క ఒకటి చూసి అది ఏ కంపెనీది, ఏ సంవత్సరంది, ఎన్ని టన్నులది అని చెప్పగలిగినవాడు మరే. పద్నాలుగో ఏట బడి మానేశాడు. నలభై ఏళ్ళు గాలిమరలు బాగుచేశాడు. ఆ లారీలు తయారైన పరాయి దేశాల ఊళ్ళను ఎప్పుడూ చూడలేదు, చూడాలనీ అనలేదు. జేబులో ఒక టేపు, ఒక అయస్కాంతం, ఒక సుద్దముక్క. అంతే అతని చదువు.

ఒకసారి అడిలైడ్ నుంచి ఒక దంతవైద్యుడు ట్రెయిలరు మీద లారీ వేసుకుని వచ్చాడు. 1910 నాటిదని, దేశంలో ఇంకోటి లేదని కాగితాలు కూడా తెచ్చాడు. మరే ఆ కాగితాల వైపు చూడలేదు. కింద దూరి అయిదు నిమిషాల తర్వాత బయటికి వచ్చాడు.

“ముందు సగం ఒక లారీది, వెనక సగం ఇంకో లారీది,” అన్నాడు. “మధ్యలో ఉన్నది నీ డబ్బు.”

మరే సొంత లారీ వార్డెల్ కంపెనీది. 1912 నాటి మూడు టన్నుల బండి, వెనక చక్రాలకు గొలుసులు. మా పాత లారీల క్లబ్బు లెక్కలో దేశం మొత్తానికి అయిదు మిగిలాయి. తనదాన్ని 1984లో ఒక పొలం వేలంలో కంచె పక్క గడ్డిలోంచి లాగాడు. దాని మీద పదకొండేళ్ళు పనిచేశాడు. దాని చట్రానికి ఎడమ పక్క, సీటు కింద, రెండు ఇనుప చేతుల మీద జానెడు వెడల్పు ఇనుప కడియం ఒకటి బల్లపరుపుగా బిగించి ఉంది. అది ఎందుకో ఎవరికీ తెలియలేదు. మరే ఒక చలికాలమంతా ఆలోచించి, దీపాలకు గ్యాసు ఇచ్చే డబ్బాను నిలబెట్టడానికి కంపెనీవాళ్ళే పెట్టారని తేల్చాడు. క్లబ్బు పత్రికలో నాలుగు పేజీలు రాశాడు, కొలతలతో బొమ్మ వేశాడు. మాట్లాడటమే దండగ అనుకునే మనిషి జీవితంలో రాసిన నాలుగు పేజీలూ అవే.

దాంతో మిగతా నలుగురు వార్డెల్ యజమానులూ తమ బండ్లకు కడియం లేదని సిగ్గుపడ్డారు. తలా ఒకటి చేయించుకున్నారు. టాస్మేనియాలో ఉండే కీత్ బ్లైట్ ఏకంగా ఇత్తడితో పోత పోయించాడు. అందరూ దాన్ని నోస్కె కడియం అనేవారు. బండ్లను చూసి క్లబ్బు ఇచ్చే తనిఖీ పత్రంలో కూడా ఒక గడి వచ్చి కూర్చుంది: “ఎడమ కడియం, ఉన్నదా లేదా.”

ఇక ఆరో వార్డెల్ సంగతి. స్కూలు బస్సు నడిపి రిటైరైన నోలీన్ ట్రేగర్, వాళ్ళ పొలంలో నలభై ఏళ్ళుగా నీళ్ళ ట్యాంకును మోస్తున్న చట్రాన్ని బయటికి లాగి ఆరేళ్ళలో లారీగా నిలబెట్టింది. సాయానికి ఎవరినీ పిలవలేదు. వెల్డింగు నేర్చుకోవడానికి ముందు ఇంటి గేటును ఏడుసార్లు కోసి ఏడుసార్లు అతికించింది. ఆ వారం ఆదివారం పాత లారీలన్నీ గోధుమ బస్తాలతో రేవుదాకా వెళ్ళే ఊరేగింపు. అందులో వాళ్ళమ్మ హిల్డాను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాలని ఆమె పట్టుదల. హిల్డాకు తొంభై నాలుగు. వచ్చే ఏటి ఊరేగింపు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పాత బండి రోడ్డెక్కాలంటే క్లబ్బు తనిఖీ పత్రం కావాలి. దాని మీద మరే నోస్కె సంతకం కావాలి.

గురువారం మధ్యాహ్నం నోలీన్ షెడ్డుకు మరేతో పాటు క్లబ్బు తరఫున నేనూ వెళ్ళాను. రెండు గంటలు చూశాడు. రివెట్ల మధ్య దూరం కొలిచాడు. చక్రం మధ్యలో పోత అక్షరాల మీద సుద్ద రాసి చదివాడు. చట్రం మీద నంబరును వేలితో తడిమాడు. ఒక్క మాట అనలేదంటే బాగుందని అర్థం. చివరికి పత్రికలోని తన కడియం బొమ్మ పట్టుకుని ఎడమ పక్కకు వచ్చి ఆగాడు.

“కడియం ఏది?”

“లేదు,” అంది నోలీన్. “ఎప్పుడూ లేదు. ఇక్కడ చట్రానికి కన్నాలే లేవు, చూసుకో.”

“ఎవరో పూడ్చి ఉంటారు.”

“ఎవరు పూడుస్తారు మరే? ట్యాంకు కింద దూరి, తేళ్ళతో సహవాసం చేస్తూ, నాలుగు కన్నాలు పూడ్చే తీరిక ఎవడికుంది?”

“కడియం లేకుండా వార్డెల్ లేదు. నేను సంతకం పెట్టలేను.”

“రేపు ఒకటి చేసి బిగిస్తే పెడతావా?”

“పెడతాను.”

“అంటే నేను బొంకును నాలుగు బోల్టులతో బిగిస్తే నువ్వు నిజమని రాసిస్తావు.” ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంది. “ఈ చట్రానికి నేను కన్నం పెట్టను. ఆరేళ్ళలో కొత్త కన్నం ఒక్కటీ పెట్టలేదు. పోయి నీ గాలిమరలు చూసుకో.”

షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్న హిల్డా చెయ్యి చాచింది. “ఆ బొమ్మ ఇటియ్యి, అబ్బాయ్.”

మరే వయసు డెబ్బై ఒకటి. బొమ్మ ఇచ్చాడు. ఆమె దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. తర్వాత కప్పు కింద పెట్టేసింది, ఒలుకుతుందని. భుజాలు ఊగిపోయేలా నవ్వింది.

“ఇది మా మామగారి జాడీ కడియంరా. సారా జాడీ పెట్టుకునేవాడు. మా అత్తగారు ఆదివారం చర్చిలో అయ్యగారి కంటే ముందు ఆమెన్ అనే రకం. ఇంట్లో చుక్క ఉండనిచ్చేది కాదు. అందుకని బస్తాలు తోలే రోజుల్లో సీటు కింద పెట్టుకుని రేవుదాకా తాగుతూ పోయేవాడు. రెండు లారీలుండేవి ఇంట్లో. ఈ షెడ్డులోది ఆయన అన్నయ్యది, కడియం ఉన్నదేమో ఆయనది. ఆయనది తర్వాత ఎవరికో అమ్మేశారు.”

“మిసెస్ ట్రేగర్,” అన్నాడు మరే, “మీకు తొంభై నాలుగేళ్ళు.”

“ఏళ్ళు నాకొచ్చాయి గాని జాడీకి రాలేదు కదా. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో దాన్ని తోమింది కూడా నేనే. ఆయన అడిగాడు, నోరుమూసుకుని తోమాను.”

మరే టోపీ పెట్టుకుని పికప్పు ఎక్కాడు. దారిలో గేరు మార్చడం మర్చిపోయాడు. మూడు మైళ్ళు రెండో గేర్లోనే వచ్చాం.

తన షెడ్డులో నేరుగా వార్డెల్ దగ్గరికి వెళ్ళాడు. టేపు తీసి కడియం కొలిచాడు, ఇరవై ఏళ్ళుగా తెలిసిన కొలతే అయినా. తర్వాత రంగు ఊడదీసే మందు డబ్బా తెచ్చాడు.

“మరే,” అన్నాను, “ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఊరేగింపు. పదమూడు పూతల రంగది.”

“పద్నాలుగు,” అని కుంచెతో మందు పూశాడు.

రంగు బొబ్బలెక్కింది. గీకాడు. రంగు కింద నునుపు కోసం పెట్టిన పుట్టీ వచ్చింది. పుట్టీ కూడా గీకాడు. ఇనుప చేతి వెనక పక్క రెండు గుర్తులు తేలాయి: ఎస్ అక్షరం, ఏడు అంకె.

మా జిల్లాలో ఆ గుర్తు తెలియని గొర్రె కూడా లేదు. పాత రోజుల్లో మొద్దులు తగిలితే పైకి లేచి దాటే నాగళ్ళ చేతుల మీద కమ్మరి కొట్టిన ముద్ర అది. అలాంటి విరిగిన చేతులు ప్రతి కంచె మూలా పడి ఉంటాయి. ట్రేగర్ ముసలాయన విరిగిన నాగలి చేతుల్ని వంచి జాడీకి సింహాసనం కట్టుకున్నాడు.

“ఇది పుట్టీ కింద ఉంది,” అన్నాను. “పుట్టీ పెట్టింది నువ్వు.”

మరే గీకుడు కత్తిని గుడ్డకు తుడిచాడు.

“ఎనభై ఆరులో చూశాను. కంపెనీవాళ్ళ పార్టు నంబరు అనుకున్నాను.”

“అనుకున్నావా, అనుకోవాలనుకున్నావా?”

“వేలంలో కొన్నప్పుడు బండికి ఒక చక్రం లేదు, ఇంజను మూత లేదు, ఉన్నవాటిల్లో వేరే ఎవరి దగ్గరా లేనిది అదొక్కటే.” కడియాన్ని వేలితో తట్టాడు. “ఎవరి బండి గురించైనా ఎవడైనా నాకిలా చెప్పి ఉంటే, షెడ్డులోంచి తరిమేవాణ్ణి.”

నాలుగు బోల్టులూ విప్పాడు. తేలిగ్గానే వచ్చాయి, పదకొండేళ్ళ పనిలో వాటికి గ్రీజు పెట్టింది అతనే. చట్రంలో నాలుగు కన్నాలు మిగిలాయి. వాటిని పూడ్చలేదు.

శుక్రవారం పొద్దున నలుగురికీ ఫోన్లు చేశాడు. ముగ్గురు నవ్వారు, లేదా నవ్వినట్టు నటించారు. టాస్మేనియా కీత్ మాత్రం నవ్వలేదు. ఫోను నా చెవిదాకా వినిపించింది.

“నాది ఇత్తడిది మరే! దానికోసం పోత పోసేవాడి కాళ్ళు పట్టుకున్నాను. మా ఆవిడ దాన్ని వారం వారం తోముతుంది.”

“తెలుసు.”

“ఇప్పుడేం చెయ్యమంటావు?”

“చెయ్యమని చెప్పే హక్కు నాకు పోయింది. ఉన్న మాట చెప్పాను.”

తర్వాత పత్రిక నడిపే ఆమెకు ఉత్తరం రాశాడు. నాలుగు పేజీలు రాసిన మనిషికి ఈసారి రెండు వాక్యాలు సరిపోయాయి: “నేను వార్డెల్ కడియం గురించి రాసింది తప్పు. అది సారా జాడీది.” తేదీ, సంతకం.

శనివారం మధ్యాహ్నం నోలీన్ షెడ్డుకు వెళ్ళాం. బేకరీ నుంచి వేడి మాంసం పేస్టీలు తీసుకెళ్ళాడు. మరే విషయంలో అది మోకరిల్లడం కింద లెక్క. హిల్డా ఒకటి తీసుకుని, ఉప్పు తక్కువైందని చెప్పి మొత్తం తినేసింది.

మరే లారీ మడ్‌గార్డు మీద తనిఖీ పత్రం పరుచుకున్నాడు. ఎడమ కడియం అన్న గడిని అడ్డంగా కొట్టేశాడు. ఆ గడిలో ఏమీ రాయలేదు. కింద సంతకం పెట్టి నోలీన్‌కు ఇచ్చాడు.

ఆమె చదువుకుని మడిచి జేబులో పెట్టుకుంది. “క్షమించమని అడగవా?”

“అడిగితే నీ బండి ఏమైనా బాగవుతుందా?”

“నా చెవులు బాగవుతాయి.”

“తప్పు నాదే,” అన్నాడు మరే, చక్రంకేసి చూస్తూ. “గురువారం చెప్పాల్సింది ఇంకోటుంది. కోపంలో మర్చిపోయాను. వెనక కుడి పక్క గొలుసు వదులుగా ఉంది. ఈ లెక్కన రేపు రేవు దగ్గర దిగుడు రోడ్డులో జారుతుంది. పక్కన మీ అమ్మ ఉంటుంది.”

నోలీన్ స్పానరు తీసుకుంది. మరే చెయ్యి చాచాడు. ఆమె ఒక్క క్షణం చూసి, స్పానరు ఇవ్వకుండా లాంతరు అతని చేతిలో పెట్టింది.

“నువ్వు వెలుగు చూపించు,” అంది. “బిగించేది నేను.”

ఇద్దరూ లారీ కిందికి దూరారు.