కనకవ్వ తూర్పు

నాగులొర్రెకు పోయి కనకవ్వ ఇల్లు ఏదని అడిగితే ఎవలూ చెప్పరు. ఆ ఊళ్లె కనకవ్వలు మస్తుమంది. తూర్పుల కనకవ్వ అని అడగాలె. అప్పుడు చిన్న పోరగాండ్లు సుత ఇల్లు చూపిస్తరు, చూపించి అక్కడ నిలవడకుండ ఉరుకుతరు. ఆమె నోరు అటువంటిది. కలెక్టర్ వచ్చినా ‘నువ్వే’, లేగదూడనైనా ‘నువ్వే’. పెద్దా చిన్నా అని రెండు తీర్ల మాట్లాడుడు ఆమెకు రాదు.

ఊరేమో ధర్మపురి బాట మీద, గంగకు, అంటె గోదారికి, ఇవతల. కనకవ్వ పుట్టింది గంగ అవతల, ఆసిఫాబాద్ దిక్కు ఒక చిన్న పల్లెల. ఆమెను కన్న అవ్వ సక్కుబాయి జొన్న కల్లాలల్ల తూర్పెత్తేది. ఇప్పుడు మిషన్లొచ్చి ఆ పని చూసినోళ్లే తక్కువైండ్రు గనుక చెప్పుకోవాలె. ముక్కాలి పీట ఎక్కి నిలబడి, చాటల గింజలు పట్టుకొని, గాలికి సన్నగ జారవిడువాలె. గట్టి గింజ కాళ్లకాడ పడ్తది, తాలు గాలెంబడి పోతది. దాన్నే తూర్పారబట్టుడని సుత అంటరు. మనుషులను కడిగి పారేసుడుకు సుత లోకం అదే మాట వాడుతది. కనకవ్వ రెండు పనులల్లా చెయ్యి తిరిగిన మనిషి.

ఆమె బడికి పోలేదనొద్దు. ఒక వానకాలం పోయింది. పంతులు పిల్లలందరిని పొద్దు మొకాన నిలబెట్టి, ఎదురుంగ తూర్పు, ఈపు దిక్కు పడమర, కుడిచెయ్యి దిక్కు దక్షిణం, ఎడమచెయ్యి దిక్కు ఉత్తరం అని చెప్పిండు. మొగులైన నాడు ఎట్ల అని కనకవ్వ అడిగింది. కూసోమన్నడు. కూసున్నది గని మనసుల పెట్టుకున్నది. ఇంటికొచ్చి అవ్వనడిగింది. సక్కుబాయి చేతుల చాట కింద పెట్టకుండనే చెప్పింది, మనం తూర్పెత్తే గాలి ఎటు నుంచి వస్తదో అదే తూర్పు, మొగులైనా ఎండైనా అదే, మొగడు మాట తప్పుతడేమో గని కార్తీకంల తూర్పు గాలి తప్పదు అని.

ఇగ ఆ నాటి నుంచి కనకవ్వకు ఆ మాట మీద హక్కొచ్చింది. మిగిలిన మూడు దిక్కులు ఎవలియో ఏమో. తూర్పు మాత్రం ఆమె అవ్వగారిది.

పెండ్లయి ఇవతలి ఒడ్డుకొచ్చింది. మొగడు శ్రీరాంపూర్ బొగ్గుబాయిల పనికి కుదిరిండు. బాయిల దిగినంక తూర్పూ లేదు పడమరా లేదు, అంత చీకటే అని ఒకసారి చెప్పిండట. అటువంటి తావున పని చేసే మనిషితోని దిక్కుల సంగతి ఏం మాట్లాడుతమని కనకవ్వ మళ్ల ఆ ముచ్చట తియ్యలే. ఆయన వారానికోసారి వచ్చేటోడు. ఆమె రెండెకరాల పొలం చూసుకుంట, ఊళ్లె కల్లాలన్నిట్ల తూర్పెత్తుకుంట, కొడుకు వెంకటేశ్‌ను పెంచింది. మొగడు కాలం చేసి చానా ఏండ్లైంది. ఆమె పీట మాత్రం ఇంకా అటకెక్కలే.

ఊళ్లె పెద్ద పొలం లక్ష్మణ్‌రావుది. తాతలనాటి భూమి ఉండి సుత బడిల తెలుగు చెప్పిండు, ఇప్పుడు రిటైరైండు. కనకవ్వ ఈడుకు రెండేండ్లు అటో ఇటో. ఒక కార్తీకంల ఆయన కల్లంల కనకవ్వ పీటెక్కి తూర్పెత్తుతుంటే, ఆయన కుర్చేసుకొని కూసొని, ఊకోలేక మాటల పుట్టుక చెప్పుడు మొదలువెట్టిండు. తూరుడు అంటే చొచ్చుడు, సూర్యుడు ఆకాశంల చొచ్చే దిక్కు గనుక తూర్పు అన్నరు అని చెప్పిండు. పడే దిక్కు పడమర అని అది సుత చెప్పిండు.

కనకవ్వ చాట ఆపకుండనే అడిగింది.

“సూర్యుడేమన్న దొంగనా సారూ, తూరనీకి?”

కల్లంల ఉన్న కూలోళ్లందరు నవ్విండ్రు. లక్ష్మణ్‌రావు సుత నవ్విండు గని, ఇంటికి పోయి నిఘంటువు తీసి చూసిండు. అందుల తూర్పెత్తుడూ ఉన్నది, తూరుడూ ఉన్నది. ఏది ముందుదో ఆ పుస్తకం చెప్పలే. ఇగ అప్పటి నుంచి ప్రతి కార్తీకంల ఇద్దరికి గదే పంచాయితి. ఆయన సూర్యుడంటడు, ఆమె గాలంటది. గాలి ప్రతి కార్తీకంల ఆమె దిక్కే వచ్చేది.

పోచంపాడు కాలువ నీళ్లు మంచిగ రావట్టినంక ఊళ్లె రెండో పంట గట్టివడ్డది. వానకాలం వరి కార్తీకంల కోతకొస్తది, యాసంగి వరి ఎండకాలంల. వరి కోసే మిషన్ వచ్చినంక యాసంగి వడ్లను తూర్పెత్తే పనే లేకపాయె. పొలం నుంచి ట్రాక్టర్ల పోసుకొని నేరుగ ఊరి బయట కొనుగోలు సెంటర్ల కుప్ప పోసుడే. కనకవ్వ పీటెక్కేది వానకాలం పంటకే, అది సుత ఇంటికి తినేటి వడ్ల మట్టుకే.

గీ యాసంగికి సెంటర్ నడిపేది మహిళా సంఘం వినోద. కనకవ్వకు కోడలు వరస. మంచి పిల్లనే గని, కుప్పల చెయ్యి పెట్టి పిడికెడు వడ్లు తీసి ఊదిందంటే చుట్టమూ లేదు పక్కమూ లేదు. కనకవ్వ కుప్ప మీద ఊదింది. పిడికిట్ల సగం లేచిపోయింది.

తాలున్నది అత్తా, మిషన్ పట్టించుకో, లేకపోతె మిల్లోళ్లు తీసుకోరు అని చెప్పింది. సెంటర్ల తాలు ఎగరగొట్టే కరెంటు మిషన్ ఒకటున్నది. దానికాడ ఊరందరిది లైను. లక్ష్మణ్‌రావు కుప్ప అప్పటికే పట్టించి, వినోద పాస్ చేసి, సంచులకెత్తుడుకు తయారుగున్నది. కనకవ్వ కుప్పకు పడమటి దిక్కు జాగ ఖాళీ. తూర్పు దిక్కు లక్ష్మణ్‌రావు కుప్ప.

వెంకటేశ్ లైన్ల నిలబడ్తనన్నడు. మొగులు పడుతున్నది, యాసంగి వాన చెప్పి రాదు, వడ్లు తడిస్తె మొలకలొస్తయని మొత్తుకున్నడు. నాకు తాలు పట్టనీకి మిషనా, ఊరోళ్లు మొకాన ఉమ్మరా అని కనకవ్వ ఇంటికి పోయి పీట, చాట పట్టుకొచ్చింది. చూస్తుంటే చూస్తుంటే సెంటర్ల మందంత పోగైండ్రు. లైన్ల నిలబడుడు కంటె ఇది నయమున్నదని.

ఆమె లెక్క ఆమెకున్నది. తూర్పు నుంచి గాలొస్తది. తాలు పడమరకు, ఖాళీ జాగల పడ్తది. తూర్పుకు ఈపు పెట్టి పీటెక్కింది. అవ్వ నేర్పిన ఆనవాయితి ప్రకారం పిడికెడు వడ్లు వెనుకకు, తూర్పు దిక్కు చల్లింది. చాట నింపి అందియ్యనీకి ఇద్దరు ఆడోళ్లు కింద నిలబడ్డరు.

గాలి రాలే.

కనకవ్వ చాటెత్తి పట్టుకున్నది. ఆకు కదలలే. చేతులు నొచ్చినా దించలే. లక్ష్మణ్‌రావు తన కుప్ప పక్కన కుర్చీల కూసొని ఉన్నడు. గాలి రాలేదేందని ఆయన అడగలే. అడిగితె జవాబు చెప్పేది. అడగకుండ కూసున్నోనికి ఏం చెప్తం?

యాసంగిల గాలి ఎటు నుంచి వస్తదని కనకవ్వ ఎన్నడు చూడలే. చూసే పని పడలే. ఆమె బతుకంత పీటెక్కింది కార్తీకాలల్లనే. ఎండకాలంల గాలి ఎటొస్తే ఏంది, ఎటు పోతే ఏంది, అది తూర్పెత్తే గాలి కాదుగదా. ఊళ్లె ముసలోళ్లందరికి ఎరుకైన సంగతి, ఎండకాలం గాలి పడమటి నుంచి కొడ్తదని. ఆమెకు సుత ఎరుకే ఉండొచ్చు. గని చాట చేతుల పట్టినంక ఆమెకు అన్ని నెలలు కార్తీకమే.

మొగులు నల్లబడ్డది. దుమ్ము లేచింది. గాలి వచ్చింది, మొకం మీదికి వచ్చింది. గాలి మొకానికి కొడ్తున్నదంటె పడమటి నుంచి వస్తున్నట్టు. కనకవ్వ అట్ల అనుకోలే. తూర్పు గాలే, ఎక్కడనో తొవ్వ తప్పి చుట్టు తిరిగి వచ్చిందనుకున్నది. వచ్చిన గాలిని పోనియ్యొద్దని కండ్లు మూసుకొని చాట జారవిడిచింది. కిందోళ్లు నింపి ఇచ్చుడు, ఆమె విడుచుడు. కండ్లల్ల దుమ్ము, చెవులల్ల గాలి, ఎవలన్న ఒర్లితే సుత వినరాలే. చేతులకు పాత పని యాదికొచ్చినంక అవి ఆగలే.

వెంకటేశ్ వచ్చి కాలు పట్టుకొని గుంజితె కండ్లు తెరిచింది. ఖాళీ జాగ ఖాళీగనే ఉన్నది. వెనుకకు మర్రి చూసింది. తాలంత లక్ష్మణ్‌రావు కుప్ప మీద, ఆయన కుర్చీ మీద, ఆయన నెత్తి మీద ఉన్నది.

వినోద వచ్చి లక్ష్మణ్‌రావు కుప్పల చెయ్యి పెట్టి ఊదింది. పాస్ కాదన్నది. ఎవలి తాలైతే ఏంది, నాకు తాలు తాలే అన్నది. మిషన్ మళ్ల పట్టియ్యాలె. అప్పుడే కరెంటు పోయింది. గాలిదుమారం లేచినప్పుడు కరెంటు తీసుడు ఆ దిక్కు రివాజే. లారీ ఆ పొద్దుకే వస్తది, మళ్ల ఎన్నడొస్తదో లారీ డ్రైవరుకు సుత తెల్వది.

లక్ష్మణ్‌రావు తిడ్తె బాగుండేది. ఆయన కండువ దులుపుకొని, “నువ్వేం జేస్తవ్ తియ్యి కనకవ్వా, గాలి గదా” అన్నడు.

ఆ మాట ఆమెకు తాకినట్టు దుమ్ము సుత తాకలే. పీట దిగింది. పీట ఎత్తుకున్నది. అందరు ఆమె ఇంటికి పోతదనుకున్నరు. పోయి లక్ష్మణ్‌రావు కుప్పకు అవతలి దిక్కు పీట వేసింది. అక్కడ గాలికి కింది దిక్కు బాట తప్ప ఏం లేదు. పడమరకు ఈపు పెట్టి ఎక్కింది. డెబ్బై దాటిన మనిషి పడమరకు ఈపు పెట్టి చాట పట్టుడు గదే మొదలు.

వెంకటేశ్ అడ్డమొచ్చిండు. వాన మీదికొచ్చింది అవ్వా, గాలి మంచిగున్నది, ముందు మనది పట్టు, ఆయనకేం, నాలుగు కుప్పలు తడిసినా బతుకుతడు అన్నడు. అందుల అబద్ధం లేదు. ఆమెకున్నది ఆ ఒక్క కుప్పే. వానకాలం దాక ఇల్లు గడిచేది దాని మీదనే.

“నా తాలు మంది కుప్పల పడ్డది. ముందు దాన్ని ఎత్తుకోవాలె” అన్నది కనకవ్వ. “నువ్వు పో, మన కుప్ప మీద పరదా కప్పు.”

పాడైంది మీది పొరనే గనుక పని తొందరగనే ఒడిసింది. పడమటి గాలి సుత గాలే, దానికి తాలు ఎగరగొట్టుడు తెలుసు. లక్ష్మణ్‌రావు కుర్చీ మీది నుంచి లేచి, ఆడోళ్లతోని పాటు చాట నింపి అందియ్యవట్టిండు. ఆయనకు నింపుడు రాదు. సగం కాళ్ల మీద పోసుకున్నడు. కనకవ్వ చూసి ఏమనలే. ఏమనకుండ ఉండుడు ఆమెకు అంతకు ముందు ఎన్నడు అలవాటు లేకుండె.

వినోద ఊదింది. పాస్ అన్నది. సంచులకెత్తిండ్రు, కాంటా పెట్టిండ్రు, లారీ నింపిండ్రు. లారీ కదిలినంక కనకవ్వ పీట తన కుప్ప కాడికి మోసుకొచ్చి, పరదా ఒక మూల లేపింది. అప్పుడు వాన పడ్డది.

సెంటర్ రేకుల కింద అందరు ఒక్కకాడ నిలబడ్డరు. పరదా పైన బాగనే ఉన్నది, నీళ్లు కింది నుంచి వచ్చినయి. కుప్ప అడుగు తడుస్తుండుడు అందరికి కనవడ్తున్నది. లక్ష్మణ్‌రావు గొంతు సవరించుకున్నడు. కనకవ్వ ఆయన కంటె ముందుగాలనే అందుకున్నది.

“తూర్పంటె వానకాలం పంటకు నా మాటే సారూ. యాసంగికి నీ మాట పెట్టుకో.”

లక్ష్మణ్‌రావు సరే అన్నడు. దిక్కులను పంటల లెక్కన పంచుకున్న ఊరు ఇంకోటి ఉన్నదో లేదో, అది ఆయన నిఘంటువుల సుత ఉండకపోవచ్చు.

తెల్లారంగనే కనకవ్వ సెంటర్‌కు పోయింది. వెంకటేశ్‌తోని కలిసి పరదాలు పరిచి, తడిసిన వడ్లన్ని పలుచగ నెరిపింది. ఎండ పడితె గింజ దక్కుతది, పడకపోతె మొలకెత్తుతది. ఇగ చెయ్యనీకి ఏం లేదు. పీట వేసుకొని దాని మీద కూసున్నది, తూర్పు మొకాన. బడిల పంతులు నిలబెట్టినంక మళ్ల ఆ దిక్కు అట్ల కండ్లప్పగించి చూసుడు అప్పుడే. అటు మొగులు తెల్లగ పలుచబడుతున్నది గని, పొద్దు ఇంకా కనవడలే.

లక్ష్మణ్‌రావు చాయ్ చెంబు పట్టుకొని వచ్చిండు. పక్కన నిలబడి ఆయన సుత అటే చూసిండు. కనకవ్వ చాయ్ తాగింది. చక్కెర తక్కువైందన్నది. గ్లాసు కింద పెట్టి, మర్రి చూడకుండనే అన్నది.

“జర జల్ది తూరుమను సారూ, నీ సూర్యున్ని.”